ముగ్గురు నలుగురు ప్రేమించుకునే అనిమే ఫ్యాన్‌ఫిక్: ముద్దుపేర్లు, బంధాలు రాయడానికి సమగ్ర మార్గదర్శి

పోలీ ఫ్యాన్‌ఫిక్ (జపనీస్ యానిమేషన్ పాత్రలతో అభిమానులు రాసే, ఇద్దరికి మించి ప్రేమించుకునే కథ) చప్పగా తేలిందంటే చాలావరకు తప్పు కథలో ఉండదు, పిలుపుల్లో ఉంటుంది. అందరూ అందరినీ ‘బేబీ’ అనో ‘బంగారం’ అనో అంటుంటారు. ఎవరు మాట్లాడారో తెలియాలంటే వాక్యం చివర ‘అన్నాడు జోరో’ దాకా ఆగాలి. ఇద్దరి ప్రేమకథలో ఈ లోపం దాగిపోతుంది, ఎందుకంటే పిలిచేది ఒకరు, పలికేది ఒకరు. మూడో మనిషి వచ్చాడా, బయటపడిపోతుంది.

ఈ మార్గదర్శి మొత్తానికి ఒకటే సూత్రం: ముద్దుపేరు ఒక జంట సొత్తు. ‘వన్ పీస్’లో సంజీని జోరో పిలిచే మాట లూఫీ నోట రాకూడదు, వస్తే అది కథలో ఒక సంఘటన కావాలి. పోలీ అంటే ఇక్కడ అందరికీ తెలిసి, అందరి ఒప్పుదలతో సాగే ప్రేమ. చాటుమాటు వ్యవహారాలు వేరే కథలు.

ఇంకో మాట ముందే. పద్దెనిమిది నిండని పాత్రలను శృంగార సన్నివేశాల్లోకి తేవద్దు. స్కూలు నేపథ్యం ఉన్న సిరీస్‌లు ఈ జానర్‌లో ఎక్కువ. పిలుపుల తీరు నేర్చుకోవడానికి అవి పనికొస్తాయి, అంతవరకే. కింద లోతుగా తీసుకున్న ఉదాహరణలు పెద్దవాళ్లవి, లేదా పాత్రలు పెద్దయ్యాక జరిగినట్టు ఊహించి రాసే ఏయూలవి (ఆల్టర్నేట్ యూనివర్స్, అంటే మూలాన్ని మార్చి రాసే కథలు).

1. బంధం బొమ్మ గీయండి

ఒక్కో పాత్రకు ఒక చుక్క పెట్టండి. ప్రేమ ఉన్న చోట నిండు గీత, స్నేహమో మొహమాటమో ఉన్న చోట చుక్కల గీత. ఆకారం చూడగానే మీ కథలో ఏ సమస్య రాబోతోందో తెలుస్తుంది.

‘వీ’ ఆకారంలో మధ్య మనిషి ఇద్దరినీ ప్రేమిస్తాడు, చివరి ఇద్దరి మధ్యా ప్రేమ ఉండదు. హిరోయుకి గీసిన ‘కనోజో మో కనోజో’ ఇలాగే మొదలవుతుంది. 2020లో వీక్లీ షోనెన్ మ్యాగజైన్‌లో మొదలైన ఈ మాంగా (జపనీస్ కామిక్)లో నావోయా, సాకితో ప్రేమలో ఉండగానే నాగిసాను కూడా ప్రేమించాలనుకుని, దాచకుండా సాకి అనుమతే అడుగుతాడు. త్రిభుజంలో మూడు గీతలూ నిండుగా ఉంటాయి. నక్షత్రంలో ఒకే కేంద్రం, దాని చుట్టూ చాలామంది. రికితో నకమురా రాసి యుకికో నొజావా బొమ్మలు వేసిన ‘వంద మంది గర్ల్‌ఫ్రెండ్స్’ మాంగా దీనికి పరాకాష్ఠ. 2023 అక్టోబరులో దాని అనిమే మొదలైంది. ఇక నాలుగో రకం కాపురం, అంటే ఒకే కప్పు కింద నలుగురు. ‘డీమన్ స్లేయర్’లో ఉజుయి టెంగెన్, అతని ముగ్గురు భార్యలు మకియో, సుమ, హినత్సురు. మనకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఈ ఇల్లే.

ఇప్పుడు లెక్క. మనుషుల సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువ సంఖ్యతో గుణించండి. వచ్చేది పిలుపుల సంఖ్య, అందులో సగం జంటల సంఖ్య. ముగ్గురికి 6 పిలుపులు, 3 జంటలు. నలుగురికి 12 పిలుపులు, 6 జంటలు. ఐదుగురికి 20, 10. వంద మంది ప్రియురాళ్లు, ఒక ప్రియుడు అయితే 10,100 పిలుపులు, 5,050 జంటలు. అంత పట్టిక ఎవరి తరమూ కాదు. ఐదుగురు దాటితే జంటకో పిలుపు అనే ఆశ వదులుకుని మనిషికో అలవాటు పెట్టండి: ఒకామె అందరినీ ఇంటిపేరుతో పిలుస్తుంది, ఇంకొకామె అందరికీ చనువు చూపే ‘-చాన్’ తగిలిస్తుంది. మొదటిసారి రాసేవాళ్లు ముగ్గురితోనో నలుగురితోనో ఆగడం మంచిది.

2. మూలంలో ఉన్న పిలుపులు నింపండి

పట్టికకు ఐదు గడులు చాలు: ఎవరు, ఎవరిని, ఏమని, ఏ సన్నివేశంలో, ఎవరి ముందు. చివరి గడి వదిలేయకండి. ఒంటరిగా ఉన్నప్పటి పిలుపు, నలుగురిలో ఉన్నప్పటి పిలుపు వేరయితే మీకు సగం కథ దొరికినట్టే.

ఈ పనికి జపనీస్ ఆడియోనే వినాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఇంటిపేరుతో పిలిచిన చోట సొంత పేరు వేసేయడం మామూలే. వాటిని నమ్మి రాస్తే దూరంగా మసలే ఇద్దరు దగ్గరివాళ్లయిపోతారు. ప్రతి జంటకూ కనీసం రెండు సన్నివేశాలు చూడండి, ఒకటి తీరిక వేళది, ఇంకొకటి ప్రమాదంలోది. కత్తి మెడ మీదికొచ్చినప్పుడు గౌరవ పదాలు జారిపోయే పాత్రలు కొన్ని, అప్పుడు కూడా వదలనివి కొన్ని.

టెంగెన్ ఇంటితో చేసి చూద్దాం. 2021 డిసెంబరు నుంచి 2022 ఫిబ్రవరి దాకా వచ్చిన ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ భాగంలో ముగ్గురు భార్యలూ అతన్ని ఎంతో గౌరవంగా ‘టెంగెన్-సామా’ అంటారు. అతను ముగ్గురినీ ఉత్త పేర్లతోనే పిలుస్తాడు. ఇక్కడికి 12 పిలుపుల్లో 6 నిండాయి. మిగిలిన 6 భార్యల మధ్యవి. సుమ ఇట్టే ఏడ్చేస్తుంది, మకియో ఆమె మీద విరుచుకుపడుతుంది, హినత్సురు నెమ్మదస్తురాలు. స్వభావాలు మూలం స్పష్టంగా ఇచ్చేసింది, వాళ్ల మధ్య ముద్దుమాటలు మాత్రం ఇవ్వలేదు. ఫ్యాన్‌ఫిక్ రాసేవాళ్లకు చోటు దొరికేది సరిగ్గా అక్కడే. టెంగెన్ చుట్టూ తిరిగే ఆరు పిలుపులు మూలం ఎలాగూ రాసేసింది, మీ శక్తి వాటి మీద ఖర్చు పెట్టకండి.

‘జుజుత్సు కైసెన్’ ముగ్గురి పట్టిక ఇంకో పాఠం చెబుతుంది. గోజో సతోరు, గెతో సుగురు, ఇయెరి షోకో. జపనీస్ అభిమానులు ఈ గుంపును ‘సషిసు’ అంటారు: సతోరులో స, షి అక్షరంతో రాసే షోకోలో షి, సుగురులో సు. గోజో, గెతో ఒకరినొకరు సొంత పేర్లతో పిలుచుకుంటారు. ఇద్దరూ షోకోను కూడా ‘షోకో’ అనే అంటారు. ఆమె మాత్రం వాళ్లను ‘గోజో’, ‘గెతో’ అని ఇంటిపేర్లతోనే పిలుస్తుంది. ఆరు పిలుపుల్లో రెండు చల్లగా ఉన్నాయన్నమాట. వాళ్లు పెద్దయ్యాక ముగ్గురూ కలిసున్న ఏయూ రాసేవాళ్లు ఆ రెంటినీ మొదటి పేజీలోనే ‘సతోరు’, ‘సుగురు’ చేసేస్తుంటారు. దాంతో షోకో తన దూరాన్ని, ఆ దూరంలో ఉన్న దర్జాని పోగొట్టుకుంటుంది. ఆ ఇంటిపేర్లు ఉంచండి. ఇరవై ఏళ్లు కాపురం చేసినా ఆమె ‘గోజో’ అనే అంటుందని రాస్తే అదే ముద్దుపేరు అవుతుంది.

3. గౌరవ పదాలు, సర్వనామాలు

‘-సాన్’ మర్యాద. ‘-కున్’ ఎక్కువగా అబ్బాయిలకు, తోటివాళ్లకు, కిందివాళ్లకు. ‘-చాన్’ చనువు. ‘-సామా’ ఎత్తు గౌరవం. సెన్‌పాయ్ అంటే సీనియరు. ఏదీ లేకుండా ఉత్త పేరు వాడితే గాఢమైన దగ్గరితనం, లేదా తేలిక చేయడం, సందర్భాన్ని బట్టి. ‘నేను’కు ఓరె, బోకు, వతాషి ఉన్నట్టే ‘నువ్వు’కు ఒమాయె, కిమి, అనతా ఉన్నాయి. ‘అనతా’ను భార్య భర్తతో అంటే అందులో కాపురం వినిపిస్తుంది. ‘ఒమాయె’ ప్రియుడి నోట ముద్దు, పరాయివాడి నోట పొగరు. పట్టికలో సర్వనామానికి కూడా ఒక గడి కలిపితే ఇంకా మంచిది.

4. కొత్త ముద్దుపేరు కట్టడం

జపనీస్ ముద్దుపేర్లు ఇష్టమొచ్చినట్టు తుంచినవి కావు. ఛందస్సు చదివిన తెలుగువాళ్లకు ఈ నియమం క్షణంలో పట్టుబడుతుంది: పేరు తుంచి ‘-చాన్’ చేర్చేటప్పుడు మిగిలిన ముక్క సాధారణంగా రెండు మాత్రలుండాలి. రెండు లఘువులైనా సరే, ఒక గురువైనా సరే.

మొదటి దారి, ముందున్న రెండు లఘువులు ఉంచడం. హినత్సురు ‘హిన-చాన్’ అవుతుంది, మకియో ‘మకి-చాన్’. ‘సెయిలర్ మూన్’లో మమోరును ఉసగి ‘మమో-చాన్’ అనేది ఈ పద్ధతిలోనే. అతను ఆమెను ‘ఉసాకో’ అంటాడు, అక్కడ తుంచిన ముక్కకు ‘కో’ చేరింది.

రెండో దారి, మొదటి అక్షరాన్ని దీర్ఘం చేయడం. హినత్సురు ‘హీ-చాన్’, సుమ ‘సూ-చాన్’. మూడో దారి ద్విత్వం. మకియో ‘మచ్చాన్’ అవుతుంది. ‘మై హీరో అకాడెమియా’లో కత్సుకి ‘కచ్చాన్’ అయింది ఇలాగే. నాలుగోది, పేరులోనే పొల్లు ‘న్’ ఉంటే అది ఒక మాత్ర. కాబట్టి టెంగెన్‌లో ‘టెన్’ వరకు తీసుకుంటే రెండు మాత్రలు నిండాయి, ‘టెన్-చాన్’ చక్కగా కుదురుతుంది.

తప్పులు జరిగే చోట్లు రెండు. ‘హి-చాన్’, ‘మ-చాన్’ లాంటి ఒంటి లఘువు రూపాలు జపనీస్ చెవికి కుంటుతాయి. దీర్ఘమో ద్విత్వమో ఇవ్వాల్సిందే. ఇంకొకటి, తెలుగు లిపి వల్ల వచ్చే పొరపాటు. ‘త్సు’ మనకు సంయుక్తాక్షరంలా కనిపిస్తుంది గనక దాని ముందున్న అక్షరాన్ని గురువుగా లెక్కపెడతాం. జపనీస్‌లో ‘త్సు’ ఒకే అక్షరం, ఒకే మాత్ర. హి, న, త్సు, రు అంటే నాలుగు లఘువులు.

పేరుతో సంబంధం లేని ముద్దుపేర్లు ఇంకో రకం. సంజీ జోరోను ‘మరిమో’ అంటాడు. హొక్కైడోలోని అకాన్ సరస్సులో గుండ్రంగా బంతిలా పెరిగే ఆకుపచ్చ నాచు పేరది, జోరో జుట్టు రంగు వల్ల వచ్చింది. జోరో సంజీని ‘కుక్’ అనో, సుడి తిరిగిన కనుబొమ్మ మీద వెక్కిరింపుగా ‘గురుమయు’ అనో అంటాడు. ఇలాంటి తిట్టు ముద్దుపేరు కావాలంటే మూడు షరతులు. తిట్టు శరీరంలోనో అలవాటులోనో ఒకటే చోట తగలాలి. అవతలివాడి దగ్గర దానికి జోడుగా ఇంకో తిట్టు ఉండాలి. మూడోవాడు దాన్ని వాడబోతే ఇద్దరికీ నచ్చకూడదు. లూఫీ కూడా కలిసిన త్రిభుజం రాస్తుంటే లూఫీ నోట ‘మరిమో’ పెట్టకండి. లూఫీ ఇద్దరినీ పేర్లతోనే పిలుస్తాడు, ఆ ఇద్దరి వెక్కిరింపుల మధ్య అతని నోట వచ్చే ఉత్త పేరే మెత్తగా వినిపిస్తుంది.

5. తెలుగులో రాస్తే

2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. ఈ పాత్రలను తెలుగులో విన్నవాళ్లు తెలుగులోనే రాయాలనుకోవడం సహజం. తెలుగులో జపనీస్‌కు లేని పనిముట్లు కొన్ని ఉన్నాయి, చేజార్చుకోకండి.

అన్నిటికన్నా విలువైనది మనం, మేము తేడా. జపనీస్‌లో ‘మేమంతా’ అన్నా ‘మనమంతా’ అన్నా మాట ఒకటే. తెలుగులో ఇద్దరు ప్రేమికులు మూడో మనిషితో ‘మేము రేపు బయల్దేరుతున్నాం’ అంటే తలుపు మూసినట్టు, ‘మనం’ అంటే తీసినట్టు. త్రిభుజం కథలో ఈ ఒక్క మాట మార్పుతో ప్రేమ ఒప్పుకోలు రాయొచ్చు. మొదటి అధ్యాయాల్లో జంట ‘మేము’ అంటుండనివ్వండి. ఒకరోజు ఎవరూ గమనించకుండానే ‘మనకి ఉప్పు అయిపోయింది’ అని రానివ్వండి. ఆ మూడో మనిషి ఒక్కడే గమనించాలి. భార్యలు ముగ్గురూ టెంగెన్‌తో ‘మేము’ అనేటప్పుడు వాళ్ల ముగ్గురి కట్టు తెలుస్తుంది, అది కూడా కావాలి.

తర్వాతది క్రియ. తెలుగులో గౌరవం కథకుడి వాక్యంలోకి కూడా వస్తుంది. సుమ కళ్లతో సాగే అధ్యాయంలో ‘టెంగెన్ వచ్చారు’ అని రాయాలి. హినత్సురు కళ్లతోనైనా అంతే. టెంగెన్ కళ్లతో అయితే ‘సుమ వచ్చింది’. దృక్కోణం మారిందని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, క్రియే చెబుతుంది. ఒకే అధ్యాయంలో ‘వచ్చాడు’, ‘వచ్చారు’ కలగాపులగం అయితే పాఠకుడికి ఎవరి తలలో ఉన్నాడో తెలియదు.

‘టెంగెన్-సామా’కు ‘ఏమండీ’ పెట్టాలని చేయి లాగుతుంది. వద్దు. మన సంప్రదాయంలో భార్య భర్త పేరు ఎత్తకపోవడం నుంచి పుట్టింది ‘ఏమండీ’. సుమ పరిస్థితి దానికి పూర్తిగా ఎదురు, ఆమె ఏడ్చినా మురిసినా నోట్లో ఆ పేరే. పేరు తీసేస్తే సుమ గొంతే పోతుంది. ‘టెంగెన్-సామా’ అలాగే ఉంచి వాక్యాన్ని ‘మీరు’తో నడపండి. ‘దొరా’, ‘స్వామీ’ కూడా వద్దు, ఒకటి జమీందారు ఇంటికి, ఇంకొకటి గుడికి లాక్కెళ్తాయి.

భార్యల మధ్య ‘అక్కా’, ‘చెల్లీ’ పెట్టొచ్చా? సవతులు అలా పిలుచుకోవడం మన ఇళ్లలో ఉన్నదే, కానీ దాంతో పెద్ద భార్య, చిన్న భార్య అనే వరస వచ్చి కూర్చుంటుంది. టెంగెన్ ఇంట్లో వరస మీద కథ నడవదు. పైగా ఆ స్త్రీల మధ్య కూడా ప్రేమ ఉందని రాస్తుంటే ‘అక్కా’ అసలు పొసగదు. ‘బావా’ ఇంకా ప్రమాదం, లేని చుట్టరికం తెచ్చిపెడుతుంది.

జోరో, సంజీల తిట్లు మాత్రం హాయిగా తెలుగు చేసుకోవచ్చు. ‘ఒరేయ్ నాచుముద్దా’, ‘సుడికనుబొమ్మలోడా’ అంటే నవ్వొస్తుంది, కోపమూ ఉంటుంది. ‘రా’ ఈ ఇద్దరి మధ్యే ఉంచండి. షోకో ‘నువ్వు’ అంటుంది గానీ ‘రా’ అనదు: ‘గోజో, లైటర్ ఉందా?’ అక్కడితో సరి.

కన్నా, బుజ్జీ, బంగారం లాంటి మాటలు మనిషికి ఒకటి మించి ఇవ్వకండి. ఒకరికి ఇచ్చింది ఇంకొకరికి ఇవ్వకండి.

ముగ్గురూ మగవాళ్లో ముగ్గురూ ఆడవాళ్లో అయితే ‘అతను’, ‘ఆమె’ ఎవరో తెలియక తికమక వస్తుంది. దాన్ని తప్పించడానికి చాలామంది ‘పచ్చజుట్టు వీరుడు’, ‘బంగారుజుట్టు వంటగాడు’ అని రాస్తారు. చదివేవాళ్లను కథలోంచి బయటికి నెట్టేది ఇదే. ఏళ్ల తరబడి కలిసున్న ప్రియుడు మనసులో ‘పచ్చజుట్టు వీరుడు’ అనుకోడు. పేరే మళ్లీ రాయండి, విసుగు పుట్టదు. తెలుగులో కర్త వదిలేసినా వాక్యం నిలుస్తుంది కాబట్టి ఆ వెసులుబాటూ వాడుకోండి.

6. పిలుపు మారే ఘట్టాలు

పిలుపు దానంతట అది జారకూడదు. ‘వన్ పీస్’లో నికో రాబిన్ ఓడలో చేరినప్పుడు తోటివాళ్లను వాళ్ల పనులతో పిలిచేది: ఖడ్గవీరుడు, నావికురాలు, కెప్టెన్. ఎనీస్ లాబీ పోరులో వాళ్లు ఆమె కోసం ప్రాణాలకు తెగించిన తర్వాతే ఆమె నోట వాళ్ల పేర్లు రావడం మొదలైంది. ఎవరూ దాని గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. చూసేవాళ్లకు అర్థమైంది.

మీ పట్టికలో ఒక్కో జంటకు రెండు మెట్లు రాసుకోండి, మొదటి పిలుపు, చివరి పిలుపు. మధ్యలో ఏ సంఘటన వల్ల మారుతుందో ఒక వాక్యం. త్రిభుజంలో ఆరు పిలుపులూ మారనక్కర్లేదు, రెండు మూడు మారితే చాలు. అన్నీ ఒకే అధ్యాయంలో మారితే ఏదీ తగలదు. కనీసం ఒకటి కథ చివరిదాకా మారకుండా ఉండనివ్వండి.

జోరో సంజీని పేరు పెట్టి పిలవడం మూలంలోనే అరుదు. అందువల్ల మీ కథలో జోరో నోట ‘సంజీ’ అనే మాట ఒక్కసారికే సరిపోయే నిధి. మొదటి ముద్దు దగ్గర ఖర్చు పెట్టేస్తే తర్వాత గాయం దగ్గర, భయం దగ్గర మీ చేతిలో ఏమీ మిగలదు. నన్నడిగితే దాన్ని శృంగారానికి అసలు వాడొద్దు, దెబ్బలాట ఆపడానికి వాడండి.

మార్పు వెనక్కి కూడా జరుగుతుంది. అలిగినప్పుడు ‘మకి-చాన్’ మళ్లీ ‘మకియో-సాన్’ అవుతుంది. ఒకరి మీద అలిగితే ఆ ఒక్క పిలుపే చల్లబడాలి, మిగతావాళ్లతో మామూలుగానే ఉండాలి. గొడవ ఏ జంట మధ్యనో అలా తెలుస్తుంది.

7. అసూయ, వంతులు

తెలుగు పాఠకులకు ఇద్దరు ముగ్గురు భార్యలు అనగానే రుక్మిణి, సత్యభామ కళ్లముందు మెదులుతారు. పారిజాతం ఎవరికి దక్కింది, తులాభారంలో ఎవరిది పైచేయి అనేది సవతి పోరు, దాని మధ్యలో ఉండేది భర్త. టెంగెన్ ఇంటిని ఆ అచ్చులో పోస్తే మూలం చెప్పిందే పోతుంది. కునోయిచిలుగా (ఆడ నింజాలుగా) తమ ప్రాణాలకు విలువ ఇవ్వకుండా పెరిగిన ఆ ముగ్గురికి, అతను చెప్పిన వరుస ఇది: ముందు మీ ప్రాణాలు, తర్వాత నిజాయితీగా బతికే మామూలు మనుషులు, ఆ తర్వాత నేను. పోటీ పడాల్సిన అవసరం అక్కడే తీరిపోయింది.

దీనికి ఒక పరీక్ష ఉంది. మీ కథలో ఇద్దరు భార్యలు టెంగెన్ ఊసెత్తకుండా మాట్లాడుకునే సన్నివేశం ఒకటైనా ఉందా? లేకపోతే మీరు రాసింది కాపురం కాదు, నక్షత్రం.

అలాగని అసూయే లేకుండా రాయడం కూడా అబద్ధమే. కానీ దానికి జంట, కారణం రెండూ ఉండాలి. ‘సుమకు అసూయగా ఉంది’ అంటే సరిపోదు. మకియో, హినత్సురు తనకు తెలియని పాత జోకు ఒకటి చెప్పుకుని నవ్వుతున్నారు, సుమకు అది గుచ్చుకుంది. ఇది పట్టుకునే అసూయ.

సమయం లెక్క వేసి చూడండి, ఆశ్చర్యపరుస్తుంది. త్రిభుజంలో మూడు జంటలకు మూడు సాయంత్రాలు ఇస్తే, ప్రతి సాయంత్రం ఒకరు ఒంటరిగా మిగులుతారు. ఒకటి ముగ్గురూ కలిసి ఉండేది, మిగిలిన మూడు ఎవరి పని వాళ్లది, మొత్తం వారం. నలుగురి కాపురంలో జంటలు ఆరు. అయితే ఒకే సాయంత్రం రెండు జంటలు పక్కపక్కన కుదురుతాయి, కాబట్టి మూడు సాయంత్రాల్లోనే ఆరు జంటలూ పూర్తవుతాయి, ఎవరూ ఒంటరిగా మిగలరు. ముగ్గురి కథల్లో ఒంటరితనం పదేపదే రావడానికి, నలుగురి కథల్లో గోల ఎక్కువగా ఉండటానికి కారణం ఈ అమరికే. త్రిభుజం రాస్తుంటే మిగిలిపోయిన ఆ మూడో మనిషి ఆ సాయంత్రం ఏం చేస్తున్నాడో ఒకసారైనా చూపించండి. అతను దిగాలుగానే ఉండాలని లేదు, కత్తులు నూరుకుంటూ హాయిగానూ ఉండొచ్చు.

8. ఒక సన్నివేశం, రెండు రకాలుగా

యుద్ధం అయిపోయింది. ఎడమ కన్ను, ఎడమ చేయి పోగొట్టుకుని టెంగెన్ విరమించుకున్నాడు. రాత్రి భోజనం వేళ. తొలి ప్రతి ఇలా ఉంటుంది:

“టెంగెన్-సామా, అన్నం తినండి,” అంది హినత్సురు.
“టెంగెన్-సామా, నేను తినిపిస్తాను,” అంది సుమ.
“టెంగెన్-సామా, దాని మాట వినకండి,” అంది మకియో.

మూడు మాటలూ ఒకే మనిషి వైపు వెళ్లాయి. చివరి పేర్లు తారుమారు చేసినా పెద్ద తేడా రాదు. ఇప్పుడు సుమ కళ్లతో, భార్యల మధ్య పిలుపులు తెచ్చి రాస్తే:

“మకి-చాన్, ఆ గిన్నె కాస్త ఇటు.”
“మకి-చాన్ ఏంటే? నీకేదో కావాలి.”
“రేపు టెంగెన్-సామాతో ఊళ్లోకి వెళ్లే వంతు నీది కదా...”
“హినత్సురుని అడుగు. వంతులు రాసేది తను.”
హినత్సురు తలెత్తకుండా పులుసు పోస్తోంది. “ఏడవకుండా అడిగితే ఇస్తాను, సూ-చాన్.”
“నేనేం ఏడవట్లేదు!” అప్పటికే సుమ గొంతు పూడుకుపోయింది.
టెంగెన్ కుడిచేత్తో గిన్నె అందుకున్నారు. “రేపు మనం నలుగురం వెళ్దాం. వచ్చాక వంట నేనే చేస్తాను, ఆర్భాటంగా.”
“వద్దు,” అన్నారు ముగ్గురూ ఒకేసారి.

‘మకి-చాన్’ సుమ పని కావాల్సినప్పుడు మాత్రమే వాడే పిలుపని మకియో ఎదురుప్రశ్నతో తెలిసింది. ‘ఏంటే’లో ఆమె కోపం, చనువు రెండూ ఉన్నాయి. ‘సూ-చాన్’ ఒక్క హినత్సురుదే. ‘అందుకున్నారు’ అనే క్రియ మనల్ని సుమ పక్కన కూర్చోబెట్టింది. ‘మనం’ వంతుల గొడవ తీర్చేసింది. ‘ఆర్భాటం’ టెంగెన్ ఊతపదానికి తెలుగు రూపం. ఆ మాట కథకు రెండు మూడుసార్లు మించితే వెగటు.

9. దిద్దుబాటు, ట్యాగులు

రాసింది ఒకరోజు పక్కన పెట్టి, ‘అన్నాడు’, ‘అంది’ వాక్యాలు కప్పి మాటలు మాత్రమే చదవండి. ఎవరివో తెలియని మాటల్లో పిలుపు మార్చండి, లేదా సర్వనామం మార్చండి. తర్వాత ఒక్కో ముద్దుపేరును ఫైల్లో వెతకండి. ఇద్దరి నోట దొరికిన ప్రతి చోటా అది కావాలనే పెట్టారా అని చూసుకోండి. పిలుపు ప్రతి మాటలోనూ వస్తే నాటకంలా ఉంటుంది, ఐదారు మాటలకు ఒకటి సరిపోతుంది. సుమ ఒక్కదానికే మినహాయింపు.

ఫ్యాన్‌ఫిక్ వెబ్‌సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో పెట్టేటప్పుడు ‘/’ గుర్తు ప్రేమకు, ‘&’ స్నేహానికి. ముగ్గురి మధ్యా ప్రేమ ఉంటేనే మూడు పేర్లూ ఒకే ‘/’ ట్యాగులో పెట్టండి. ‘వీ’ ఆకారమైతే రెండు ‘/’ ట్యాగులు, చివరి ఇద్దరికీ ఒక ‘&’ ట్యాగు. త్రిభుజం కథకు లోపలి మూడు జంటల ట్యాగులూ విడివిడిగా తగిలించే అలవాటు ఉంది. ఆ జంటకు కథలో సొంత సన్నివేశం ఉంటేనే అలా చేయండి, లేకపోతే ఆ జంట కోసమే వెతుక్కుంటూ వచ్చినవాళ్లు నిరాశపడతారు. అక్కడ పేర్ల వరుస మామూలుగా ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటుంది, దానికి వేరే అర్థం లేదు.

అభిమానులు బొమ్మలు, కథలు పెట్టే జపనీస్ వెబ్‌సైటు పిక్సివ్‌లో సంగతి వేరు. జపనీస్ అభిమానుల్లో జంట పేరులో ఎడమ ఉన్నవాడు చొరవ తీసుకునేవాడు, కుడి ఉన్నవాడు అందుకునేవాడు. ‘జోరోసన్’, ‘సన్‌జోరో’ రెండు వేర్వేరు ట్యాగులు, పాఠకులు కూడా వేరే. ముగ్గురి కథకు అలాంటి వరుస మీరు పాటించకపోతే, ట్యాగు పక్కన ఉండే చిన్న వివరణలో ‘ముగ్గురూ సమానం, కుడి ఎడమలు లేవు’ అని మొదటి వాక్యంలోనే రాసేయండి.